జడ పదార్థంలో జీవలక్షణాలు

కృష్ణానది ఒడ్డున ఉన్న ముక్త్యాల, దానికి చేరువలోని జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలు పూర్వం కృష్ణా జిల్లాలో మెట్ట భాగంగా ఉండేవి. 2022 నుండి ఇవి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నవి. ఈ ప్రాంతం సున్నపురాయికి పేరుపడినది. జగ్గయ్యపేట దగ్గరి బౌద్ధస్తూపానికి పలకలు చెక్కిన ప్రాచీన శిల్పులు వాడినది సున్నపురాయినే. ఈనాడు సిమెంటు కర్మాగారాలు అదే రాతిని బంకమట్టి వంటి పదార్థాలతో కలిపి, కొలిమిలో కాల్చి, పొడి చేస్తున్నవి.

సిమెంటు ఎండిపోవడం వల్ల గట్టిపడుతుందని చాలమంది అనుకొంటారు. అదే నిజమైతే తాపీపనివారు కొత్త గోడను రోజూ నీళ్ళతో తడపనక్కరలేదు. సిమెంటు రేణువు నీటితో రసాయనికంగా కలుస్తుంది. దాని చుట్టూ బంకవంటి పొర ఏర్పడుతుంది. ఆ పొరనుండి సూదులు, బోలు గొట్టాలు పెరిగి, ప్రక్క రేణువులనుండి వచ్చినవాటితో పెనవేసుకొంటాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే ఈ పెరుగుదల ఏదో నాచు మొలిచినట్లు కనబడుతుంది. రాయి, మట్టి, నీరు తప్ప ఇందులో మరేమీ లేదు. అయినా పొర తొడుగుకొన్నది, పెరిగినది, కొమ్మలు వేసినది.

పొర, పెరుగుదల, చలనం, లయ, తనవంటి దానిని పుట్టించుకొనడం, ఇవన్నీ జీవుల లక్షణాలని పాఠాలలో చదువుకొంటాము. ఇవి సామాన్య రసాయన పదార్థాలలో తమంతట తామే పుట్టగలవా? పుడితే ఆ పదార్థాన్ని జీవి అనవచ్చునా? ఈ ప్రశ్నలకు సుమారు 200 సంవత్సరాల చరిత్ర ఉన్నది. అందులో ఒక తెలుగు శాస్త్రజ్ఞుడు కనుగొన్న అణువుకు ముఖ్యమైన స్థానమున్నది.

గోడ కూలిన కథ

19వ శతాబ్దపు తొలినాళ్ళలో జీవుల దేహంలోని పదార్థాలు వేరు, రాళ్ళలోను లవణాలలోను ఉండే పదార్థాలు వేరు అని రసాయన శాస్త్రజ్ఞులు భావించేవారు. జీవపదార్థాలు తయారు కావడానికి ప్రాణశక్తి అనేది ఒకటి కావాలని వారి నమ్మకం. 1828లో జర్మను శాస్త్రజ్ఞుడు వోలర్ అమ్మోనియం సయనేట్ అనే లవణం నుండి యూరియాను తయారుచేసినట్లు ప్రకటించాడు. యూరియా జంతువుల మూత్రంలో ఉండే పదార్థం. మూత్రపిండం ప్రమేయం లేకుండానే అది సీసాలో తయారైనది. రెండు రకాల పదార్థాల నడుమ ఉన్నదనుకొన్న గోడకు ఇది మొదటి దెబ్బ.

తరువాత 1860 ప్రాంతంలో పాశ్చర్ చేసిన ప్రయోగాలు మరొక విషయాన్ని తేల్చినవి. బాగా మరగించి, గాలిలోని ధూళి చేరకుండా కాపాడిన రసంలో సూక్ష్మజీవులు పుట్టవు. అనగా ఈనాటి జీవులన్నీ పూర్వపు జీవులనుండి పుట్టినవే. వోలర్ చెప్పినది పదార్థం గురించి. పాశ్చర్ చెప్పినది జీవుల గురించి. ఈ రెంటిని కలిపి చదివితే ఒక చిక్కు ఎదురవుతుంది. జీవపదార్థానికి ప్రత్యేకమైన శక్తి ఏదీ అక్కరలేదు. అయినా జీవి లేనిదే జీవి పుట్టదు. అట్లయితే మొట్టమొదటి జీవి సంగతి ఏమిటి?

ఆకారం, పెరుగుదల

ఈ చిక్కును విడదీయడానికి కొందరు ఆకారం వైపు నుండి ప్రయత్నించారు. 1867లో జర్మనీ దేశస్థుడు మోరిట్జ్ ట్రౌబె రాగి లవణాన్ని పొటాసియం ఫెర్రోసయనైడు ద్రావణంలో వేసి, దాని చుట్టూ సన్నని పొర ఏర్పడటం చూశాడు. ఆ పొర నీటిని పోనిస్తుంది, కరిగిన లవణాన్ని మాత్రం పోనీయదు. లోపలి ద్రావణం చిక్కగా ఉండటం వల్ల బయటి నీరు లోనికి చొరబడుతుంది. సంచి ఉబ్బి చిట్లుతుంది. చిట్లినచోట రెండు ద్రావణాలు కలిసి వెంటనే కొత్త పొర కడుతుంది. ఈ విధంగా సంచి పెరుగుతూ పోతుంది. పది సంవత్సరాల తరువాత ఫెఫర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఇటువంటి పొరనే మట్టికుండ గోడలో నిలిపి, ద్రవాభిసరణ పీడనాన్ని కొలిచాడు. వేరు నేలలోని నీటిని ఎట్లా పీల్చుకొంటుందో మనకు తెలియడానికి ఆ కొలతలు ఎంతో తోడ్పడినవి.

ఫ్రాన్సులోని నాంట్ నగరంలో స్టెఫాన్ లెడ్యూక్ 20వ శతాబ్దారంభంలో ఈ ప్రయోగాలను ఇంకా ముందుకు తీసుకొనిపోయాడు. లవణపు గుళికలను వివిధ ద్రావణాలలో నాటి, పుట్టగొడుగులు, ఆకులు, గవ్వలు, సముద్రపు నాచులు పోలిన ఆకృతులను పెంచాడు. జీవశాస్త్రంలో కూడా వస్తువులను తయారుచేసి చూసే పద్ధతి ఉండాలని ఆయన వాదించాడు. ఆ పద్ధతి మంచిదే. కాని తన ఆకృతులు జీవానికి దగ్గరి చుట్టాలని ఆయన నమ్మడం వద్ద పొరపాటు జరిగినది. ఆ రసాయన పుట్టగొడుగుకు సంతానం లేదు. అది చెదిరిపోతే దాని విశేషమేదీ మరొక దానికి సంక్రమించదు.

ఈ ప్రయోగాన్ని ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు సులభంగా చూపవచ్చును. నీటిగాజు అనబడే సోడియం సిలికేట్‌ను నీటితో పలుచన చేసి, గాజుపాత్రలో పోసి, మైలుతుత్తం, అన్నభేది పలుకులను ఒక్కొక్కటిగా జారవిడవాలి. కొద్దిసేపటిలో నీలి, ఆకుపచ్చ కాండాలు పైకి మొలుస్తాయి. నీటిగాజు క్షారగుణం కలది, మైలుతుత్తం విషపదార్థం. కనుక కళ్ళద్దాలు పెట్టుకొని చేయాలి, చేతితో తాకరాదు. సిమెంటు రేణువుల మీద గొట్టాలు పెరగడానికి, ఈ రసాయన తోటకు గల పోలికను 1976లో డబుల్, హెల్లావెల్ అనే శాస్త్రజ్ఞులు ఎత్తిచూపారు. సిమెంటు గట్టిపడే వేగాన్ని ఆ పొర ఎంతవరకు నిర్ణయిస్తుందన్న దానిపై తరువాత వాదాలు నడచినవి. పోలిక మాత్రం చెక్కుచెదరలేదు.

ఆకారాన్ని బట్టి తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో కడప జిల్లా రాళ్ళు కూడా నేర్పుతాయి. వేంపల్లె శిలాసముదాయంలో గోపురాలవలె, ఉల్లిపొరలవలె పేర్చినట్లుండే రాళ్ళున్నవి. వీటిని స్ట్రొమటోలైట్లు అంటారు. సుమారు 190 కోట్ల సంవత్సరాలకు పూర్వం నిస్సారమైన సముద్రపు నీటిలో సూక్ష్మజీవుల తెట్టెలు బురదను, సున్నాన్ని పొరపొరలుగా పట్టి నిలిపినందువల్ల ఇటువంటివి ఏర్పడినవి. కాని జీవుల ప్రమేయం లేకుండా, ఖనిజాలు పేరుకొనడం వల్లనే అదే ఆకారం రాగలదని 1996లో గ్రోట్జింగర్, రాత్‌మన్ గణితం ద్వారా చూపారు. అందుచేత భూవిజ్ఞానులు ఇప్పుడు ఆకారాన్ని మాత్రమే చూసి ఊరుకొనరు. పొరలలోని కర్బన పదార్థాన్ని, సూక్ష్మమైన అల్లికను, చుట్టుప్రక్కల రాళ్ళను కూడా పరీక్షిస్తారు.

లయ

జీవుల మరొక లక్షణం లయ. గుండె కొట్టుకొంటుంది, చిక్కుడు ఆకు రాత్రి ముడుచుకొంటుంది. రసాయనచర్య మాత్రం ఒకే వైపుకు నడచి ఆగిపోతుందని అందరూ నమ్మేవారు. రష్యాలో బెలుసోవ్ అనే శాస్త్రజ్ఞుడు, జీవకణంలో సిట్రికామ్లం దహనమయ్యే చర్యలకు సీసాలో ఒక నమూనా చేయబోయి, సిట్రికామ్లం, బ్రోమేట్, సీరియం లవణాలను గంధకామ్లంలో కలిపాడు. ద్రావణం పసుపుపచ్చగా మారినది, రంగు పోయినది, మళ్ళీ పచ్చబడినది. ఇది చాలసేపు గడియారంవలె నడచినది. 1951లో ఆయన పంపిన వ్యాసాన్ని, ఇటువంటిది జరగడం అసంభవమని సంపాదకులు త్రిప్పి పంపారు. చివరకు 1959లో రేడియేషన్ వైద్యానికి సంబంధించిన ఒక సంకలనంలో చిన్న వ్యాసంగా అది అచ్చయినది.

1961లో జబోటిన్‌స్కీ అనే యువకుడు ఆ పని చేపట్టి, దానిని నిస్సందేహంగా రుజువు చేశాడు. ఇందులో ప్రకృతి నియమం ఏదీ తప్పలేదు. మధ్యలో ఏర్పడే పదార్థాల మోతాదు మాత్రమే హెచ్చుతగ్గులవుతుంది. ఇంధనం వంటి పదార్థం ఖర్చవుతూనే ఉంటుంది. అది అయిపోగానే గడియారం ఆగిపోతుంది. సమతాస్థితికి దూరంగా, శక్తి ప్రవహిస్తూ ఉన్నంతకాలం పదార్థంలో ఇటువంటి క్రమం పుట్టగలదని ప్రిగొజిన్ సిద్ధాంతీకరించాడు. ఆయనకు 1977లో నోబెల్ బహుమానం లభించినది. బెలుసోవ్‌కు 1980లో లెనిన్ బహుమానం ఇచ్చారు. అప్పటికి ఆయన చనిపోయి పది సంవత్సరాలయినది.

1929వ సంవత్సరం

ఆకారం, లయ ఇట్లా ఉండగా, జీవపదార్థాలే భూమిపై ఎట్లా పుట్టి ఉంటాయన్న ప్రశ్నను 1924లో మాస్కోలో ఒపారిన్, 1929లో ఇంగ్లండులో హాల్డేన్ వేర్వేరుగా ఎత్తుకొన్నారు. తొలినాటి గాలిలో ఆమ్లజని లేదు. సూర్యుని అతినీలలోహిత కిరణాలు గాలిమీద, నీటిమీద పడి కర్బన పదార్థాలను తయారుచేసి ఉంటాయి. వాటిని తినివేయడానికి సూక్ష్మజీవులు లేవు కనుక అవి సముద్రంలో పేరుకొని, సముద్రమంతా పలుచని వేడి చారువలె తయారై ఉంటుందని హాల్డేన్ ఊహించాడు. పాశ్చర్ చూపిన చిక్కుకు ఇది సమాధానం. ఈనాడు జరగనిది, జీవులు లేని ఆనాడు జరగవచ్చును.

హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడ్డాడు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావుగారు కలకత్తాలో ఆయన వద్ద జన్యుశాస్త్రం నేర్చి, తరువాత గురువుగారి జీవితాన్ని గురించి గ్రంథాలు వ్రాశారు. 1964 డిసెంబరు 1వ తేదీన హాల్డేన్ భువనేశ్వరంలో మరణించినప్పుడు, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని విద్యార్థుల పరిశీలనకై కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.

హాల్డేన్ వ్యాసం వెలువడిన 1929లోనే మరొక విశేషం జరిగినది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అప్పటికి అమెరికాలో హార్వర్డు వైద్య విద్యాలయంలో ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి పనిచేస్తున్నారు. రక్తంలోను మూత్రంలోను భాస్వరాన్ని నీలిరంగు ద్వారా కొలిచే పద్ధతిని వారిద్దరు 1925లో ప్రకటించారు. ప్రయోగశాలలలో ఆ పద్ధతి వారిద్దరి పేర్లతోనే వాడుకలోకి వచ్చినది. ఆ కొలతల వెంబడే పోయి వారు కండరంలో 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో అడినొసీన్ ట్రైఫాస్ఫేట్‌ను కనుగొన్నారు. రెండవ దానిని జర్మనీలో లోమన్ కూడా అదే సంవత్సరం విడిగా కనుగొన్నాడు. దీనినే పొడి అక్షరాలలో ఏ.టి.పి. అంటాము.

తిన్న అన్నంలోని శక్తిని కండరం నేరుగా వాడుకొనలేదు. పెద్ద నోటును అంగడిలో చిల్లరగా మార్చుకొన్నట్లు, ఆ శక్తి ముందు ఏ.టి.పి.గా మారవలసి ఉన్నది. ఒక్క ఫాస్ఫేటు విడిపోగానే పనికి కావలసిన శక్తి దొరుకుతుంది. దేహంలో ఏ క్షణాన చూచినా ఇది కొద్దిగానే ఉంటుంది. కాని ఖర్చయినది వెంటవెంటనే తిరిగి తయారవుతూ ఉండటం వల్ల, ఒక రోజులో చేతులు మారే మొత్తం మనిషి బరువుతో పోల్చదగినంత ఉంటుంది. సూక్ష్మజీవి మొదలు మనిషి వరకు అందరికీ ఇదే చిల్లర.

సీసాలో జీవపదార్థాలు

1953లో షికాగోలో యూరీ వద్ద విద్యార్థిగా ఉన్న మిల్లర్, మీథేన్, అమ్మోనియా, ఉదజని, నీటిఆవిరి కలిపిన పాత్రలో వారంరోజులు విద్యుత్ మెరుపులు పుట్టించాడు. నీటిలో గ్లైసిన్, అలనిన్ మొదలైన ఎమినో ఆమ్లాలు చేరినవి. ఇవి మాంసకృత్తులకు ఇటుకల వంటివి. తొలినాటి గాలిలో మీథేన్, అమ్మోనియా అంత హెచ్చుగా ఉండేవి కావని ఇప్పుడు చాలమంది అభిప్రాయం. అయినను జీవపు ఇటుకలు సామాన్య వాయువులనుండి తయారుకాగలవని ఈ ప్రయోగం మొదటిసారి చేసి చూపినది.

1960లో ఓరో మరొక అడుగు వేశాడు. అమ్మోనియం సయనైడు ద్రావణాన్ని వేడిచేసి అడినీన్ పొందాడు. ఒక్క లెక్క చూడండి. అడినీన్ అణువులో 5 కర్బన, 5 ఉదజని, 5 నత్రజని పరమాణువులుంటాయి. హైడ్రోజన్ సయనైడులో ఒక్కొక్కటి చొప్పున ఉంటాయి. ఐదు విషపు అణువులు కలిస్తే ఒక అడినీన్ అయినది! ఈ అడినీన్, రైబోసు అనే చక్కెర, మూడు ఫాస్ఫేట్లు కలిస్తే సుబ్బారావుగారి ఏ.టి.పి. సింహళంలో పుట్టి, మద్రాసు విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివిన సిరిల్ పొన్నంపెరుమ 1963లో సేగన్, మారినర్‌లతో కలిసి అతినీలలోహిత కాంతి సహాయంతో దానిని కూడా కూర్చాడు. వారు వాడిన ఫాస్ఫేటు పదార్థం ఆదిమభూమి మీద సహజంగా ఉండేదా అన్న ఆక్షేపణ మాత్రం మిగిలినది.

అదే 1963లో అలహాబాదు విశ్వవిద్యాలయంలో కృష్ణ బహదూర్ సూర్యకాంతిలో ఉంచిన రసాయన మిశ్రమాలలో పెరిగే, మొగ్గతొడిగే గోళాలను వర్ణించి, వాటికి జీవాణువులని పేరు పెట్టాడు. అవి జీవులేనని ఆయన భావించాడు. 1967లో పొన్నంపెరుమ, కేరెన్ ఆ ప్రయోగాలను సమీక్షించి, ఆ గోళాల స్వభావం ఇంకా తేటపడవలసి ఉన్నదన్నారు. అమెరికాలో ఫాక్స్ ఎమినో ఆమ్లాలను వేడిచేసి పొందిన గోళాల విషయంలోను ఇదే వివాదం నడచినది. లెడ్యూక్ కాలపు పాఠమే ఇక్కడా తిరిగి ఎదురయినది. గోళం పెరిగినది, చీలినది, సరే. పిల్లగోళానికి తల్లిగోళం ఏమి ఇచ్చినది? ఏ విశేషమైనా తరతరానికి నిలిచినదా?

ప్రతి తీయడం

తరతరానికి నిలిచే విశేషమంటే వ్రాత వంటిది కావాలి. జీవులలో ఆ వ్రాత కేంద్రకామ్లాలలో ఉన్నది. కాని కేంద్రకామ్లానికి ప్రతి తీయడానికి మాంసకృత్తు కావాలి, మాంసకృత్తును తయారుచేయడానికి కేంద్రకామ్లం కావాలి. చెట్టు ముందా, విత్తు ముందా? 1982లో చెక్, 1983లో ఆల్ట్‌మన్ ఈ ముడిని కొంత సడలించారు. ఆర్.ఎన్.ఏ. అనే కేంద్రకామ్లం వ్రాతను మోయడమే కాక, రసాయన చర్యలను కూడా నడపగలదని వారు కనుగొన్నారు. దీనికి 1989లో నోబెల్ బహుమానం వచ్చినది. 2009లో లింకన్, జాయిస్ రెండు ఆర్.ఎన్.ఏ. అణువులు మాంసకృత్తుల సహాయం లేకుండా ఒకదానినొకటి తయారుచేసుకొనేటట్లు చేశారు. అయితే వాటికి తయారుగా ఉన్న పెద్ద ముక్కలను అందించవలసి వచ్చినది.

ఇక్కడ ఒక సంగతి ఉపాధ్యాయులు విద్యార్థులకు ప్రత్యేకించి చెప్పదగినది. ఆర్.ఎన్.ఏ. వ్రాతలో నాలుగు అక్షరాలు. వాటిలో ఒకటైన అడినీన్ అక్షరాన్ని కణం ఏ.టి.పి. నుండే తీసుకొంటుంది. రెండు ఫాస్ఫేట్లు ఊడిపోగా మిగిలిన భాగం దండలో పూసగా చేరుతుంది. అనగా 1929లో కండరంలో దొరికిన అణువు శక్తికి చిల్లరగాను, వ్రాతకు అక్షరంగాను పనిచేస్తున్నది. జీవంలో వేర్వేరు లక్షణాలు ఎంత దగ్గరగా ముడిపడి ఉన్నవో ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

సముద్రపు అడుగున సున్నపు గొట్టాలు

ఈ లక్షణాలు మొదట ఎక్కడ ముడిపడి ఉంటాయి? 1961లో మిచెల్ అనే శాస్త్రజ్ఞుడు, కణం తన పొరకు ఒక వైపున ప్రోటానులను పోగుచేసి, అవి తిరిగి ప్రవహించేటప్పటి శక్తితో ఏ.టి.పి.ని తయారుచేసుకొంటుందని ప్రతిపాదించాడు. ఆనకట్ట వెనుక నీటితో విద్యుత్తు తీసినట్లే ఇది. 1978లో ఆయనకు నోబెల్ బహుమానం లభించినది. 2000 సంవత్సరంలో అట్లాంటిక్ సముద్రపు అడుగున 60 మీటర్ల వరకు ఎత్తున్న తెల్లని గొట్టాలు కనుగొన్నారు. రాళ్ళగుండా ప్రవహించి వచ్చిన వెచ్చని క్షారజలం సముద్రజలంతో కలిసినచోట సున్నపు పదార్థం పేరుకొని ఈ గొట్టాలను కట్టినది. ముక్త్యాల సున్నపురాయిలోని కాల్షియం కార్బొనేటే వీటిలోను ముఖ్యమైనది. వీటిని గాజుపాత్రలోని రసాయన తోటకు పెద్ద రూపమనవచ్చును.

తొలినాటి సముద్రం కొంత ఆమ్లగుణం కలదిగా ఉండేదని శాస్త్రజ్ఞుల ఊహ. అప్పుడు ఇటువంటి గొట్టపు గోడకు ఒకవైపు క్షారం, రెండవవైపు ఆమ్లం ఉండి, మిచెల్ చెప్పిన ప్రోటాను తేడా పుణ్యానికే దొరికేది. కనుక జీవం ఇటువంటిచోట మొదలై ఉంటుందని రస్సెల్ మొదలైనవారి వాదం. నీటిలో పెద్ద అణువులు తెగిపోతాయి కనుక, తడిసి ఎండే నేలమీది మడుగులే తగిన స్థలమని ఇతరుల వాదం. ఈ తగవు ఇంకా తీరలేదు.

చరిత్ర మొత్తం చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. పొర, పెరుగుదల, లయ, శక్తిని మోసే అణువు, ప్రతి తీసే అణువు, వీటిలో ప్రతి ఒక్కటి విడిగా సామాన్య రసాయన శాస్త్రంలో చూడదగినదే. ఒక లక్షణం కనబడగానే జీవం దొరికినదని తొందరపడినవారు ప్రతి తరంలోను ఉన్నారు. అసంభవమని త్రోసివేసినవారూ ఉన్నారు. వారి ప్రయోగాలు నిలిచినవి, తొందరపాటు తీర్పులు నిలవలేదు.

తరగతిలో రసాయన తోటను చూపినప్పుడు, ఇది బ్రతికి ఉన్నదా అని విద్యార్థి అడుగుతాడు. లేదు అని చెప్పి ఊరుకొనకుండా నాలుగు ప్రశ్నలు అతనికే వేయవచ్చును. దీనికి లోపల, బయట అనే భేదం ఉన్నదా? శక్తిని రాబట్టుకొని తనను నిలుపుకొనగలదా? తనవంటిదానిని పుట్టించగలదా? పుట్టినదానిలో కలిగిన మార్పు దాని సంతతికి సంక్రమిస్తుందా? మొదటిదానికి అవునని, తక్కినవాటికి కాదని విద్యార్థి తానే తేల్చుకొంటాడు. ఈ నాలుగింటికి అవునని చెప్పగల వస్తువును సామాన్య రసాయనాలతో మొదలుపెట్టి ఒకే పాత్రలో ఇంతవరకు ఎవరూ తయారుచేయలేదు. ఆ పని ఈనాడు బల్లమీద కూర్చున్న విద్యార్థులకు మిగిలి ఉన్నది.